చర్చి మూసేశాక గోడ మీది పేర్లు

మా ఊరి వార్ మెమోరియల్ రాయి మీద మా పాప వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదువుకుంటూ పోతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, కొన్ని పేర్లు నోరు తిరగట్లేదు, అయినా వదలట్లేదు. ఒక చోట ఆగి "అమ్మా, ఈ ముగ్గురికీ ఇంటిపేరు ఒకటే ఉంది, అన్నదమ్ములా?" అంది. నాకు తెలీదు. నాలుగేళ్ళుగా వారానికి ఐదు రోజులు ఆ రాయి పక్కనించే నడిచి ఫార్మసీకి డ్యూటీకి వెళ్తున్నా, ఒక్క రోజు కూడా నిలబడి చదవలేదు. ఇంటికొచ్చి వంట చేస్తున్నా అదే ప్రశ్న బుర్రలో తిరుగుతోంది, రాత్రి పాప పడుకున్నాక లాప్‌టాప్ తీసి కూర్చున్నా, లేచి చూస్తే మూడయింది. ఇద్దరు అన్నదమ్ములు, మూడో అబ్బాయి వాళ్ళ చిన్నాన్న కొడుకు. ముగ్గురూ పదమూడు నెలల్లో పోయారు. పక్క పక్క పొలాలు వాళ్ళవి.

అది మూడేళ్ళ కిందటి మాట. అప్పట్నించి సెలవు దొరికితే చాలు మా హ్యూరాన్ కౌంటీలో ఊరూరా తిరిగి వార్ మెమోరియల్స్, ఆనర్ రోల్స్ ఫోటోలు తీసి పేర్లు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటున్నా. మా ఆయన కారు నడుపుతారు, పాప టార్చిలైట్ పట్టుకుంటుంది (టార్చి ఎందుకో తర్వాత చెప్తా).

హ్యూరాన్ కౌంటీ అంటే మనవాళ్ళలో చాలామందికి తెలీదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఇది కెనడాలో అంటారియో రాష్ట్రంలో, లేక్ హ్యూరాన్ తూర్పు ఒడ్డున, టొరంటో నించి కారులో రెండున్నర మూడు గంటలు. మొక్కజొన్న, సోయా, వైట్ బీన్స్, పందుల ఫారాలు, మధ్యమధ్యలో చిన్న టౌన్లు, గోడరిచ్, క్లింటన్, సీఫోర్త్, ఎక్సెటర్, వింగమ్, బ్లైత్, బ్రసెల్స్, జూరిక్. జనాభా అంతా కలిపి 60 వేల పైచిలుకు. రాజధాని ఒటావాలో పార్లమెంట్‌లో యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ పేర్లతో బుక్ ఆఫ్ రిమెంబరెన్స్ అని పెట్టారు, అందులో మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించిన పుస్తకంలోనే 66 వేలకి పైగా పేర్లున్నాయి. అంటే ఇవాళ మా కౌంటీలో ఉన్నవాళ్ళందర్నీ పసిపిల్లలతో సహా లెక్కేసినా అంతమంది అవ్వరు. అప్పటి కెనడా జనాభా మొత్తం 80 లక్షలు, వెళ్ళినవాళ్ళు ఆరున్నర లక్షల దాకా.

ఇందులో రెండు రకాలు ఉంటాయి, మొదట్లో నేను రెండూ ఒకటే అనుకున్నా. సెనొటాఫ్ అంటే ఊరి మధ్యలో, పార్కులోనో లైబ్రరీ ముందో నిలబెట్టిన రాయి, దాని మీద మామూలుగా చనిపోయినవాళ్ళ పేర్లే చెక్కుతారు. ఆనర్ రోల్ అంటే వెళ్ళినవాళ్ళందరి పేర్లూ, తిరిగొచ్చినవాళ్ళతో సహా, చనిపోయినవాళ్ళ పక్కన చిన్న శిలువో నక్షత్రమో గుర్తు పెట్టి ఉంటుంది. ఇవి చర్చిల్లో, పాత స్కూళ్ళలో, సంఘాల హాళ్ళలో గోడలకి వేలాడుతుంటాయి. కొన్ని ఓక్ చెక్క బోర్డులు, కొన్ని ఇత్తడి పలకలు, ఎక్కువ మాత్రం ప్రింట్ చేసిన పెద్ద కాగితాలు, చుట్టూ జెండాలు, మేపుల్ ఆకులు, మధ్యలో ఖాళీ గీతలు, ఆ గీతల మీద ఎవరో ఓపిగ్గా కలంతో గుండ్రంగా రాసిన పేర్లు. ఆ రాసిన చేయి ఎవరిదో ఎక్కడా ఉండదు. చర్చిలో ఆడవాళ్ళ సంఘం వాళ్ళే రాయించేవాళ్ళట ఎక్కువగా, వాళ్ళే సిపాయిలకి సాక్సులు అల్లి పంపినవాళ్ళు, అందుకే ఆ లిస్టుల్లో ఎవర్నీ మర్చిపోలేదనిపిస్తుంది నాకు.

సెనొటాఫ్ అన్న మాటకి అర్థమే ఖాళీ సమాధి. అది తెలిశాక ఆ రాళ్ళని చూసే పద్ధతే మారిపోయింది నాకు. 1917లో సిపాయిల సమాధులు చూసుకోడానికి ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పెట్టాక వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఏంటంటే, ఏ శవాన్నీ ఇంటికి పంపరు, ఎక్కడ పోతే అక్కడే, జనరల్ అయినా మామూలు సిపాయి అయినా ఒకే కొలత రాయి, పక్క పక్కన. రాయి కింద ఇంట్లోవాళ్ళు రాయించుకోడానికి 66 అక్షరాల దాకా చోటు. డబ్బున్నవాళ్ళ బిడ్డ ఇంటికొచ్చి లేనివాళ్ళ బిడ్డ అక్కడే ఉండిపోకూడదని ఆ రూల్, న్యాయమైందే. కానీ ఇక్కడ పొలంలో ఉన్న తల్లికి కడచూపు లేదు, ఆరడుగుల నేల లేదు, పువ్వు పెట్టడానికి చోటు లేదు. అంత దూరం ఓడెక్కి వెళ్ళి చూసొచ్చే స్తోమత ఎంతమందికుంటుంది? 1936లో ఫ్రాన్స్‌లో కెనడా కట్టిన విమీ మెమోరియల్ ఆవిష్కరణకి కెనడా నించి ఆరు వేలమందికి పైగా వెళ్ళారు, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. మిగతావాళ్ళకి ఈ ఊరి మధ్య రాయే సమాధి. అందుకే పాత ఫోటోల్లో ఆవిష్కరణ రోజున ముందు వరసలో నల్లబట్టల్లో ఆడవాళ్ళే కనిపిస్తారు.

1919 డిసెంబర్ నించి ప్రభుత్వం తల్లికీ భార్యకీ మెమోరియల్ క్రాస్ అని చిన్న వెండి శిలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఏటా ఒటావాలో సిల్వర్ క్రాస్ మదర్ అని ఒక తల్లిని ఎంచి తల్లులందరి తరఫునా పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. కడుపుకోతకి వెండి ముక్క ఏం సరిపోతుంది అనుకున్నా మొదట, కానీ మా ఫార్మసీకి వచ్చే ఒక పెద్దావిడ చెప్పింది, వాళ్ళ నాయనమ్మ దాన్ని చనిపోయేదాకా మెళ్ళోంచి తీయలేదట.

సిపాయి బొమ్మల సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళు తిరుగుతుంటే అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, తుపాకీ తలకిందులుగా పట్టుకుని తల వంచుకున్నవాడు, హెల్మెట్ చేత్తో పైకెత్తినవాడు. అన్ని ఊళ్ళకీ పెద్ద శిల్పిని పెట్టుకునే డబ్బుండేది కాదు, స్మారక రాళ్ళ కంపెనీల కేటలాగ్ చూసి ఆర్డర్ ఇచ్చేవాళ్ళు. పక్కనే ఉన్న పెర్త్ కౌంటీలో స్ట్రాట్‌ఫర్డ్‌లో మాత్రం 1922 నాటిది వాల్టర్ ఆల్‌వర్డ్ చేసింది ఉంది, తర్వాత విమీ చేసింది ఆయనే, వీలైతే వెళ్ళి చూడండి. ఇంకో శిల్పి ఇమాన్యుయల్ హాన్, టొరంటోలో థామ్సన్ మాన్యుమెంట్ కంపెనీకి చేసేవాడు. నోవా స్కోషియాలో వెస్ట్‌విల్ అనే బొగ్గుగనుల ఊరికి 1921లో ఆయన చేసిన సిపాయి, కాళ్ళ దగ్గరున్న తోటి సిపాయి సమాధి వైపు చూస్తూ నిలబడి ఉంటాడు, ఆ బొమ్మ నకళ్ళు తర్వాత కెనడాలో చాలా ఊళ్ళకి వెళ్ళాయి. ఈయన చిన్నప్పుడే జర్మనీ నించి వచ్చి ఇక్కడే పెరిగినవాడు. 1920ల్లో విన్నిపెగ్ ఊరి మెమోరియల్ పోటీలో ఈయన డిజైన్ గెలిస్తే, జర్మనీలో పుట్టాడని గొడవ చేసి తీసేశారు. మళ్ళీ పోటీ పెడితే ఎలిజబెత్ విన్ వుడ్ గెలిచింది, ఆవిడ ఇక్కడ పుట్టినావిడే, కానీ హాన్ భార్య అని ఆవిడదీ తీసేశారు! చదివి చాలా బాధేసింది. ఆయన చేతి పని మాత్రం రోజూ అందరి జేబుల్లోనూ ఉంటోంది, 1937లో వచ్చిన కెనడా డైమ్ (పది సెంట్లు) మీద ఓడ, క్వార్టర్ (పాతిక సెంట్లు) మీద కారిబూ దుప్పి ఆయన గీసినవే. ఫార్మసీలో చిల్లర ఇచ్చేటప్పుడు గుర్తొస్తుంటుంది.

అన్ని ఊళ్ళూ రాయే పెట్టలేదు. బ్లైత్‌లో ఏకంగా మెమోరియల్ హాల్ కట్టుకున్నారు మొదటి యుద్ధం తర్వాత, 1975 నించి అందులోనే బ్లైత్ ఫెస్టివల్ నాటకాలు ఆడుతున్నారు, ఈ పక్క రైతుల కథలే ఎక్కువ. రెండో యుద్ధం తర్వాత అయితే చాలా ఊళ్ళు ఇంకో రాయి ఎందుకని హాకీ ఎరీనాకో కమ్యూనిటీ సెంటర్‌కో మెమోరియల్ అని పేరు పెట్టాయి. పిల్లల్ని స్కేటింగ్‌కి దింపే ప్రతి తల్లీ ఆ పేరు కింద నించే లోపలికి వెళ్తుంది. నాకు ఇది ఎందుకో చాలా నచ్చుతుంది, వాళ్ళు తిరిగొచ్చి ఉంటే అక్కడే కదా ఆడేవాళ్ళు.

ఇక పేర్ల సంగతి. మొదటి యుద్ధంలో ఒక్కో కౌంటీ తన పిల్లలతోనే ఒక బెటాలియన్ (సైనిక దళం) నింపుకుంది, మాది 161వ బెటాలియన్, హ్యూరాన్స్ అనేవాళ్ళు, పైన బ్రూస్ కౌంటీది 160, పెర్త్‌ది 110. మా వాళ్ళ సర్వీస్ నంబర్లు 654తో మొదలవుతాయి, అందుకని ఎక్కడైనా 654 కనిపిస్తే ఇంట్లో మనిషి కనిపించినట్టు ఉంటుంది నాకిప్పుడు. ఒకే స్కూలు, ఒకే బాల్ టీమ్, ఒకే చర్చి బెంచీ, కలిసి వెళ్దాం కలిసి ఉందాం అని చేరారు. 1916 చివర్లో ఇంగ్లండ్ చేరారు, అక్కడ బెటాలియన్ ముక్కలైపోయింది, ఫ్రాన్స్‌లో ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి పంపేశారు, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. అందుకే రాయి మీద పక్కపక్కన ఉన్న రెండు పేర్లు వేరే వేరే బెటాలియన్లలో వేరే వేరే ఊళ్ళ దగ్గర పోయి ఉంటాయి. తేదీలు రాసుకుంటూ పోతే ఎక్కువ ఎక్కడ గుమిగూడతాయో చూడండి, 1917 ఏప్రిల్ విమీ పోరు, అదే ఏడు అక్టోబర్ నవంబర్ పాషెన్‌డేల్ పోరు, అన్నిటికన్నా ఎక్కువ 1918 ఆగస్ట్ 8 నించి నవంబర్ 11 దాకా, ఆ ఆఖరి వంద రోజుల్లో కెనడా వైపు చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి 45 వేల పైనే. యుద్ధం అయిపోవచ్చింది అని ఇంట్లోవాళ్ళు ఆశపడుతున్న నెలలవి.

ఆ 1918లోనే పల్లెల్లో ఇంకో గాయం. 1917 ఎలక్షన్ల ముందు రైతు బిడ్డల్ని బలవంతంగా పట్టుకెళ్ళం అని గవర్నమెంట్ మాటిచ్చింది, 1918 మార్చిలో జర్మన్లు విరుచుకుపడేసరికి ఏప్రిల్‌లో ఆ మాట వెనక్కి తీసేసుకుంది. విత్తనాల టైమ్‌లో! మే నెలలో వేలమంది రైతులు ఒటావా వెళ్ళి మొత్తుకున్నారు, వినలేదు. 1919 అక్టోబర్‌లో అంటారియోలో రైతుల పార్టీ, యునైటెడ్ ఫార్మర్స్, అందరికన్నా ఎక్కువ సీట్లు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది, దాని వెనక ఈ కోపం చాలా ఉంది. రాయి మీద మాత్రం ఇష్టపడి వెళ్ళినవాడూ పట్టుకుపోతే వెళ్ళినవాడూ అని తేడా ఉండదు. ఉండకపోవడమే మంచిది.

లెక్క తేలదు అని కూడా చెప్పాలి. ఒకే మనిషి మూడు చోట్ల ఉంటాడు, పుట్టిన ఊరి చర్చి రోల్ మీద, అమ్మానాన్న తర్వాత మారిన టౌన్ రాయి మీద, సస్కాచివాన్‌లో భూమి తీసుకుని అక్కడ చేరితే అక్కడి మెమోరియల్ మీద కూడా. ఇక్కడి పల్లెల నించి పడమటికి పోయిన కుర్రాళ్ళు చాలామంది, అందుకని ఊళ్ళ లిస్టులన్నీ కూడితే వచ్చేది కౌంటీ లెక్క కాదు. స్పెల్లింగ్ తేడాలు సరేసరి. వయసు పెంచి చెప్పి చేరినవాళ్ళూ ఉన్నారు, రాయి మీద 19 అని ఉంటుంది, చర్చి బాప్తిస్మం రిజిస్టర్‌లో చూస్తే 16.

కొంతమంది ఎక్కడా ఉండరు. మొదటి యుద్ధంలో సొంత సైన్యమే కాల్చి చంపిన కెనడా సిపాయిలు 25 మంది, అందులో 23 మందిని భయపడి పారిపోయారనే నేరం మీద చంపారు, వాళ్ళ పేర్లు బుక్ ఆఫ్ రిమెంబరెన్స్‌లో ఎక్కించడానికి 2001 దాకా పట్టింది. యుద్ధంలో గ్యాస్ పీల్చి ఇంటికొచ్చి పదేళ్ళు దగ్గి దగ్గి పోయినవాళ్ళు ఏ లెక్కలోకీ రారు, ఆ పుస్తకానికి 1922 ఏప్రిల్ 30 గడువు.

ఇప్పుడు అసలు నేను రాయాలనుకున్నది.

కిందటేడు మా పక్క టౌన్‌షిప్‌లో ఒక చర్చి మూసేశారు. పల్లె చర్చిలు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి, వచ్చేవాళ్ళు పదిమంది, అందరికీ డెబ్భై దాటాయి, చలికాలం హీటింగ్ బిల్లు కట్టలేరు. ఆ బిల్డింగ్ ఇల్లు కట్టుకుంటామని ఎవరో కొనుక్కున్నారు. ఖాళీ చేసే రోజు సామానంతా బల్లల మీద పెట్టారు, కాఫీ కప్పులు, కుర్చీలు, ప్రార్థన పాటల పుస్తకాలు, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకెళ్ళచ్చు. మా ఫార్మసీకి వచ్చే ఆ పెద్దావిడ, 86 ఏళ్ళు, లీజన్‌లో (మాజీ సైనికుల సంఘం) మెంబర్, పాత పుస్తకాల డబ్బా అడుగున చూస్తే ఫ్రేము, అద్దం పగిలి ఉంది, లోపల ఆనర్ రోల్. 41 పేర్లు, ఏడింటికి శిలువ గుర్తు. ఇంకో గంటలో చెత్త బిన్‌లోకి వెళ్ళేదట. ఎవరూ కావాలని చేయలేదు, అది ఏంటో తెలిసినవాళ్ళు అక్కడ లేరు, అంతే. ఆవిడ దాన్ని దుప్పట్లో చుట్టుకుని తిన్నగా మా కౌంటర్ దగ్గరకి తీసుకొచ్చింది. "నువ్వు పేర్లు రాస్తుంటావు కదమ్మా, ఇది చూడు" అంది. ఆ చర్చికి అంతకు ముందే ఇంకో చర్చి వచ్చి కలిసింది, 1925లో మెథడిస్టులు, కాంగ్రిగేషనల్ వాళ్ళు, ప్రెస్బిటీరియన్లలో ఎక్కువమంది కలిసి యునైటెడ్ చర్చి అయినప్పుడు ఊళ్ళో రెండుంటే ఒకటి మూసేవాళ్ళు, అందుకని అసలు ఇది ఏ గోడకి పుట్టిన కాగితమో ఆవిడక్కూడా తెలీదు.

ఆ ఏడుగురిలో ఆరుగురు మా టౌన్ సెనొటాఫ్ మీద ఉన్నారు. ఏడో పేరు లేదు. కౌంటీలో నేను ఫోటో తీసిన ఏ రాయి మీదా లేదు. ఆ ఇంటిపేరు చుట్టుపక్కల శ్మశానాల్లో ఒక్క సమాధి మీద లేదు, అప్పటి టౌన్‌షిప్ మ్యాపుల్లో ఏ పొలం మీదా లేదు. మనిషి ఆకాశం నించి ఊడిపడ్డట్టు.

లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వాళ్ళు మొదటి యుద్ధం సిపాయిల ఫైళ్ళు 6 లక్షల 20 వేలకి పైగా స్కాన్ చేసి పెట్టారు, 2018కి పూర్తయింది, ఎవరైనా ఉచితంగా చూడచ్చు. ఈ అబ్బాయి ఫైలు దొరికింది. చేరింది క్లింటన్‌లో, 1916, నంబరు 654తో మొదలు. పుట్టింది లండన్. పని అన్న చోట ఫార్మ్ లేబరర్. దగ్గరి బంధువు అన్న చోట ముందు లేరు అని రాసి, కొట్టేసి, పైన వేరే సిరాతో ఒక అక్క పేరు, ఇంగ్లండ్‌లో ఎవరింట్లోనో పనిమనిషి. అప్పుడర్థమయింది, హోమ్ చైల్డ్.

తెలీనివాళ్ళకి చెప్తా. 1869 నించి మొదలుపెట్టి బ్రిటన్ అనాథాశ్రమాల నించి లక్షమందికి పైగా పిల్లల్ని ఒంటరిగా కెనడా పొలాలకి పంపారు, పని చేసిపెట్టడానికి. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, పేదరికం, అంతే. కొందరికి మంచి ఇల్లు దొరికింది, కొందరు కొట్టంలో పడుకున్నారు. వాళ్ళలో పది వేలమందికి పైగా మొదటి యుద్ధంలో చేరారు. ఇంగ్లండ్ తిరిగి వెళ్ళచ్చు, విడిపోయిన అక్కనో తమ్ముడినో వెతుక్కోవచ్చు అని చేరినవాళ్ళు ఎంతమందో.

ఈ అబ్బాయి 1918 సెప్టెంబర్‌లో ఆరాస్ దగ్గర పోయాడు. శవం దొరకలేదు. విమీ గోడ మీద 11,285 పేర్లున్నాయి, ఫ్రాన్స్‌లో పోయి సమాధి తెలీని కెనడా వాళ్ళవి, అందులో ఒకటి ఇతనిది. జీతం రోజుకి ఒక డాలరు 10 సెంట్లు. ఫైల్లో మెమోరియల్ క్రాస్ ఎవరికి అన్న చోట నిల్ అని ఉంది, తల్లి లేదు భార్య లేదు కాబట్టి. వీలునామా కాగితం ఒకటి ఉంది, నాలుగు లైన్లు, ఉన్నదంతా పలానా ఆవిడకి అని రాశాడు. ఆవిడ అతను పని చేసిన పొలం రైతు భార్య. బంధువేమీ కాదు. అది చదివి చాలాసేపు స్క్రీన్ చూస్తూ ఉండిపోయా. ఆనర్ రోల్ తీసి చూస్తే ఆవిడ సొంత కొడుకు పేరు కూడా ఉంది, వెళ్ళి తిరిగొచ్చాడు. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి, అక్షర క్రమంలో రాకపోయినా.

మరి టౌన్ రాయి మీద ఎందుకు లేడు అంటే, ఆ రోజుల్లో మామూలుగా జరిగింది ఏంటంటే కమిటీ వేసి, మీ ఇంట్లో ఎవరైనా పోతే పేరివ్వండి అని పేపర్లో వేసేవాళ్ళు. ఇంటివాళ్ళు వచ్చి ఇచ్చేవాళ్ళు. నా అన్నవాళ్ళు లేనివాడికి ఎవరు ఇస్తారు? ఆ రైతు కుటుంబం అప్పటికి అమ్మేసుకుని వెళ్ళిపోయి ఉండచ్చు అనిపిస్తుంది. చర్చి ఆడవాళ్ళు కాగితం మీద ఎక్కించారు కాబట్టి వందేళ్ళ తర్వాత అయినా తెలిసింది, ఆ కాగితం ఇంకో గంట ఆలస్యమైతే పోయేది. నేను ఇంత పట్టుదలగా ఫోటోలు తియ్యడం దీని గురించే. రాళ్ళకి ఏమీ కాదు, కౌన్సిల్ చూసుకుంటుంది, వాటిని పాడుచేస్తే 2014 నించి క్రిమినల్ కోడ్‌లో కనీసం వెయ్యి డాలర్ల జరిమానా కూడా ఉంది. కాగితాలకీ చెక్క బోర్డులకీ దిక్కు లేదు. ఒంటిగది స్కూళ్ళు 1960ల్లో మూసేసినప్పుడు వాటి గోడల మీదవి ఎన్ని పోయాయో.

ఎవరైనా మొదలుపెడతానంటే నేను నేర్చుకున్నవి రెండు మూడు చెప్తా. అరిగిపోయిన అక్షరాలు ఎదురుగా ఫ్లాష్ కొడితే కనిపించవు, టార్చి పక్కనించి రాయికి ఆనించినట్టు పట్టుకుంటే నీడలు పడి లేచొస్తాయి, సాయంత్రం వాలుఎండ ఇంకా మంచిది. సున్నం, పిండి, షేవింగ్ క్రీమ్ రాసి చదవకండి, వైర్ బ్రష్ అసలే వద్దు, రాయి తినేస్తుంది. అద్దం వెనకున్న కాగితాన్ని మీరు బయటికి తియ్యకండి, చెమ్మకి అద్దానికే అంటుకుపోయి ఉంటుంది. గోడరిచ్‌లో హ్యూరాన్ కౌంటీ మ్యూజియం ఉంది, అలాంటి చోట తెలిసినవాళ్ళని అడగండి. ప్రతి పేరూ ఉన్నదున్నట్టు రాసుకోండి, తప్పు స్పెల్లింగ్‌తో సహా. చనిపోయినవాళ్ళ ఫోటోలు ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో ఉన్న కెనడియన్ వర్చువల్ వార్ మెమోరియల్‌లో పెట్టచ్చు, నేను మా కస్టమర్ల ఆల్బమ్‌లవి అడిగి పెట్టిస్తున్నా.

రెండో యుద్ధం లిస్టులు వేరేగా ఉంటాయి, ఆర్‌సీఏఎఫ్ (కెనడా వైమానిక దళం) అని ఎక్కువ కనిపిస్తుంది. మా కౌంటీ అంతా అప్పుడు విమానాలే, గోడరిచ్ స్కై హార్బర్‌లో మొదటి పాఠాలు, పోర్ట్ ఆల్బర్ట్‌లో బ్రిటిష్ వాళ్ళ నావిగేషన్ స్కూలు, సెంట్రేలియాలో పెద్ద ట్రైనింగ్, క్లింటన్‌లో 1941 నించి రహస్యంగా రాడార్ స్కూలు. కెనడా మొత్తం మీద బ్రిటిష్ కామన్‌వెల్త్ ఎయిర్ ట్రైనింగ్ ప్లాన్ అనే ఆ శిక్షణ పథకం కింద 1,31,553 మంది ఎయిర్‌క్రూ తయారయ్యారు. ట్రైనింగ్‌లోనే కూలిపోయి ఇంటికి వేల మైళ్ళ దూరంలో ఈ మొక్కజొన్న చేల మధ్య శ్మశానాల్లో ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ఇక్కడివాళ్ళు అక్కడ, అక్కడివాళ్ళు ఇక్కడ.

ఇంకో సంగతి రాయకపోతే తప్పవుతుంది. మాకు దక్షిణంగా లాంబ్టన్ కౌంటీలో, సరస్సు ఒడ్డునే, స్టోనీ పాయింట్ అని ఆనిష్నాబే ఆదివాసీల రిజర్వ్ (వాళ్ళకంటూ ఉంచిన భూమి). 1942లో వార్ మెజర్స్ యాక్ట్ కింద ఆ భూమంతా ఆర్మీ క్యాంపుకి తీసేసుకున్నారు, యుద్ధం అయ్యాక ఇస్తామన్నారు. ఇళ్ళు పక్కనున్న కెటిల్ పాయింట్‌కి తరలించారు. ఆ ఊరి కుర్రాళ్ళు అదే టైమ్‌లో యూరప్‌లో కెనడా తరఫున పోరాడుతున్నారు, తిరిగొచ్చి చూస్తే ఇల్లు లేదు. యుద్ధం 1945లో అయిపోయింది, భూమి వెనక్కి ఇచ్చే ఒప్పందం మీద సంతకాలు అయ్యింది 2016లో, మధ్యలో 1995లో అక్కడే ఇప్పర్‌వాష్‌లో భూమి కోసం చేసిన నిరసనలో పోలీస్ కాల్పుల్లో డడ్లీ జార్జ్ చనిపోయాడు. ఏ ఊరి ఆనర్ రోల్ చూసినా ఇప్పుడు నాకు వాళ్ళు గుర్తొస్తారు.

మన దేశం పేరు ఎక్కడైనా కనిపిస్తుందా అని వెతుక్కోకుండా ఉండలేకపోయాను. కిచెనర్‌లో మౌంట్ హోప్ సిమెట్రీలో ఉంది, ఇక్కణ్ణించి గంటన్నర. బుక్కమ్ సింగ్, పంజాబ్ నించి 1907లో పద్నాలుగేళ్ళకే వచ్చాడు, అంటారియోలో పొలం పని చేశాడు, 1915లో సైన్యంలో చేరాడు, ఫ్లాండర్స్‌లో రెండు సార్లు గాయపడ్డాడు, టీబీ వచ్చి 1919 ఆగస్ట్ 27న కిచెనర్‌లో పోయాడు. మొదటి యుద్ధంలో కెనడా సైన్యంలో ఉన్నట్టు తెలిసిన సిక్కులు పదిమందే. ఈయన మెడల్ 2007లో ఇంగ్లండ్‌లో ఒక షాపులో అమ్మకానికి దొరకడంతో కథంతా బయటికొచ్చింది. ఇప్పుడు ఏటా నవంబర్‌లో అక్కడ జనం కలుస్తారు. మేం వెళ్ళినరోజు ఎవరూ లేరు, సన్నగా వాన, అందరిలాంటి రాయే, అదే కొలత. అతను కూడా ఫార్మ్ లేబరరే.

మళ్ళీ మా అబ్బాయి దగ్గరకొస్తా (మా అబ్బాయి అనే అంటాం ఇంట్లో ఇప్పుడు). లీజన్ వాళ్ళు, ఆ పెద్దావిడ, నేను కలిసి కౌన్సిల్‌కి అర్జీ పెట్టాం రాయి మీద పేరు చేర్చమని. ఫైలు కాపీ, విమీ గోడ ఫోటో, ఆనర్ రోల్ ఫోటో, అతను ఈ టౌన్‌షిప్‌లో ఉన్నాడని రుజువు, అన్నీ అడిగారు, అడగడం కరెక్టే, రేపు ఎవరు పడితే వాళ్ళు చేర్చమంటారు. మూడు మీటింగులు పట్టింది. ఒప్పుకున్నారు. అంటారియోలో నవంబర్ 11 సెలవు కాదు, స్కూలు వాళ్ళే పిల్లల్ని లైన్లో నడిపించుకుని సెనొటాఫ్ దగ్గరకి తీసుకొస్తారు. ఈసారి చలిగాలి విపరీతం, పాపీలు (జ్ఞాపకార్థం బట్టలకి గుచ్చుకునే ఎర్రపువ్వు బొమ్మలు) సూదుల్లోంచి ఊడి రోడ్డు మీద ఎగురుతున్నాయి, పిల్లలు ఏరుకొచ్చి మళ్ళీ గుచ్చుకుంటున్నారు. బ్యూగిల్, రెండు నిమిషాల మౌనం, మళ్ళీ బ్యూగిల్, పేర్లు చదవడం. చదివేది ఆ పెద్దావిడే. ఏడో పేరు దగ్గరకి వచ్చాక ఆవిడ గొంతు ఏమీ మారలేదు, అందరి పేర్లూ ఎలా చదివిందో అలాగే చదివి తర్వాతి పేరుకి వెళ్ళింది. మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ ఆనర్ రోల్ ఇప్పుడు లీజన్ హాల్లో ఉంది, కొత్త అద్దం వేయించారు, శుక్రవారం మీట్ డ్రాకి (మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ) వచ్చేవాళ్ళు టికెట్ కొనుక్కునే బల్ల ఎదురుగోడకి. మొదట కిచెన్ తలుపు పక్కన పెట్టారు, ఆవిరి తగులుతుందని నేనే పోరి మార్పించా.

రాయి మీద చెక్కడం మాత్రం ఇంకా కాలేదు. చెక్కే అతనితో మాట్లాడా, గడ్డకట్టే చలిలో గ్రానైట్ పని చెయ్యడట, ఏప్రిల్ ఆఖర్న వస్తానన్నాడు. పాత అక్షరాల లోతు, వెడల్పు కొలుచుకుని వెళ్ళాడు, కొత్త పేరు వేరేగా కనిపించకూడదని. అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. మొత్తం పదిహేడు అక్షరాలు, మధ్యలో ఖాళీకి డబ్బు తీసుకోడట.